ప్లాన్ లేకుండా ఒక్కరే కారులో పల్లెల ఫొటోలకు బయల్దేరొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఓ సెలవు రోజు పొద్దున్నే లేచి, ఎక్కడికని అనుకోకుండా, ఒక్కరే కారు తీసుకుని పల్లెల వైపు వెళ్లి ఫొటోలు తీయాలని ఉంది. ప్లాన్ లేకపోతే పెట్రోలు దండగై వట్టి చేతులతో తిరిగొస్తానేమోనని ఒక భయం, ఒంటరిగా వెళ్లడం క్షేమమేనా అని ఇంకో భయం. కారు మేలా, బైకు మేలా అన్నది చివరి ప్రశ్న.

వెళ్లండి. పద్నాలుగేళ్లుగా నేను చేస్తున్నది ఇదే. మా ఇంట్లో ఫ్రేము కట్టించి పెట్టుకున్న ఏడు ఫొటోల్లో అయిదు ఇలా గాలివాటంగా పోయినప్పుడు దొరికినవే. కాకపోతే గాలికి వదలాల్సింది గమ్యాన్ని మాత్రమే, గడియారాన్ని కాదు. ఎక్కడికి వెళ్తారో తెలియక్కర్లేదు. ఎన్నింటికి వెనక్కి తిరుగుతారో, మొత్తం ఎంత దూరం నడుపుతారో మాత్రం కారు స్టార్ట్ చేయకముందే తేల్చుకోవాలి.

ఎందుకంటున్నానో నా మొదటి ప్రయాణం చెబితే అర్థమవుతుంది. ఆ రోజు 540 కిలోమీటర్లు నడిపాను. ప్రతి మలుపు దగ్గరా "ఇంకాస్త ముందుకెళ్తే ఇంకా బాగుంటుందేమో" అనిపించేది. రాత్రి ఇంటికొచ్చి చూసుకుంటే పదకొండు ఫొటోలున్నాయి. పదకొండూ రోడ్డు అంచున నిలబడి, నా కళ్లంత ఎత్తు నుంచి, అదే కంచె మీదుగా తీసినవే. ఊరు మారింది, ఫొటో మారలేదు. ఆ తర్వాత ఏడాది ఇంకోసారి వెళ్లినప్పుడు కారు మొరాయిస్తుందన్న భయంతో 70 కిలోమీటర్లు దాటలేదు. ఒకే వాగు వెంట రెండు గంటలు నడిచాను. నాకు నచ్చిన నా మొదటి ఫొటో ఆ రోజుదే. ప్లాన్ లేకపోవడం వల్ల చెడిన ప్రయాణాలు నాకు పెద్దగా లేవు. అతిగా నడపడం వల్ల చెడినవి చాలా ఉన్నాయి.

అందుకే నా లెక్క ఒకటుంది. రోజు మొత్తం మీద స్టీరింగు ముందు మూడు, మూడున్నర గంటలకు మించి ఉండను. మిగతాదంతా ఆగడం, నడవడం, కాచుక్కూర్చోవడం. మూడు గంటలంటే చిన్న రోడ్ల మీద మహా అయితే 120 కిలోమీటర్లు. ఇది తక్కువనిపిస్తే మీరింకా ఫొటోల కోసం కాదు, డ్రైవింగు కోసం వెళ్తున్నారన్నమాట. అది కూడా మంచి సరదానే, దాని పద్ధతి వేరు.

ఎటు వెళ్లాలి? బొమ్మా బొరుసూ వేసుకున్నా ఫర్వాలేదు గానీ, నేను ఒక్కటి చూసుకుంటాను. ఉదయం, సాయంత్రం వేళల్లో ఉత్తర దక్షిణాలుగా పోయే రోడ్డు దొరికితే దాన్నే పట్టుకుంటాను. పొద్దున తూర్పుకు నడిపితే ఎండ కళ్లలో పడుతుంది, ఎదుటి బండి కూడా సరిగా కనపడదు. పడమరకు నడిపితే సూర్యుడు వీపు వెనక ఉంటాడు, ముందున్న ప్రతిదీ నిండా వెలుగుతో, నీడల్లేకుండా చదునుగా పడుతుంది. అదే ఉత్తరంగా వెళ్తున్నామనుకోండి, రోడ్డు వెంట ముందుకు చూస్తే ఎండ పక్క నుంచి వస్తుంది. దున్నిన చాళ్లూ, గట్లూ, మట్టి గోడల గరుకూ పైకి తేలేది ఈ పక్క వెలుగులోనే. కుడికి తిరిగితే సూర్యుడికి ఎదురుగా చెట్లూ మనుషులూ నల్లటి ఆకారాలుగా దొరుకుతారు, ఎడమకు తిరిగితే రంగులు నిండుగా ఉంటాయి. ఒక్కచోట ఆగితే మూడు రకాల వెలుగు. ఇంతకుమించిన రూట్ మ్యాప్ నాకెప్పుడూ అవసరం పడలేదు.

దూరం సంగతిలో ఒక చిక్కుంది, దీన్ని నేను ఆలస్యంగా గానీ పట్టుకోలేదు. మంచి వెలుగు పొద్దుగూకే వేళ ఉంటుంది. సరిగ్గా అదే వేళకు మనం అలసిపోయి ఇంటికి దూరంగా ఉంటాం. సూర్యుడు దిగాక వచ్చే పది పదిహేను నిమిషాలు ఇంకా బాగుంటాయి, ఎత్తున ఉన్న మబ్బులకు కింద నుంచి రంగు ఎక్కేది అప్పుడే. ఆ తర్వాత నీలం వేళ, ఆకాశమంతా ముదురు నీలంగా మారే కాసేపు. అవన్నీ అయ్యేసరికి చీకటి పడుతుంది. తెలియని ఊరి రోడ్డు, వీధి దీపాల్లేవు, పశువులు అడ్డొస్తాయి, వెనక లైటు లేని బళ్లుంటాయి. అందుకని దూరంగా ఉన్న చోట్లను ఉదయమే ముగించేసి, సాయంత్రపు ఫొటోలు ఇంటికి గానీ, రాత్రి పడుకునే చోటుకు గానీ గంటలోపు దూరంలో తీస్తాను. మధ్యాహ్నం నుంచే మెల్లగా వెనక్కి జరుగుతూ వస్తాను. వెళ్లేటప్పుడు కళ్లబడిన చోట్లలో దేనికి సాయంత్రపు వెలుగు పడుతుందో గుర్తుపెట్టుకుంటే తిరుగు దారిలో వెతుక్కోవక్కర్లేదు. ఈ ఒక్క మార్పుతో నా ప్రయాణాలు సగం మెరుగుపడ్డాయి.

పొద్దు ఎంతసేపుందో తెలుసుకోవడానికి యాప్ లేకపోయినా ఫర్వాలేదు. చెయ్యి బారుగా చాపి, వేళ్లు అడ్డంగా పెట్టి, సూర్యుడికీ నేల అంచుకూ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడండి. వేలికి సుమారు పావుగంట లెక్క. సూర్యుడి వైపు నేరుగా తేరిపార చూడకండి, లెన్సులోంచైతే అసలే వద్దు. కొండలుంటే ఆ మేరకు తగ్గించుకోవాలి.

ఇక ఆగడం. దీని మీద కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఒంటరిగా వెళ్లేవాళ్లకు అసలు ప్రమాదం ఇక్కడే. పక్కన ఎవరైనా ఉంటే "అదిగో చూడు" అని వాళ్లు చూపిస్తారు. ఒక్కరే అయితే చూసేదీ మీరే, నడిపేదీ మీరే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. పక్కనున్న కొంగల గుంపును రెండు సెకన్లు చూశారంటే 33 మీటర్లు గుడ్డిగా నడిపినట్టే. కాబట్టి చిన్న రోడ్డెక్కాక 40 దాటకండి. వెనక ఎవరైనా తొందరపడుతుంటే పక్కకు తీసి దారివ్వండి. ఏదైనా కళ్లబడితే అక్కడికక్కడ బ్రేకు తొక్కకండి. దాటిపోండి, సరైన చోటు చూసుకుని తిరిగి రండి.

సరైన చోటంటే కారు నాలుగు చక్రాలూ రోడ్డు దిగి ఉండాలి. మలుపు మీద, వంతెన మీద, మిట్ట దిగగానే వచ్చే చోట ఆపకూడదు. పొలంలోకి పోయే బాటకు అడ్డం పెట్టకూడదు. ఎండు గడ్డి మీద అసలే వద్దు, కారు కింద సైలెన్సరు గొట్టం వేడికి గడ్డి అంటుకుంటుంది. తాళం చెవి జేబులో వేసుకున్నాకే తలుపు మూయండి. నవ్వకండి, కారు లోపల తాళం చెవి, బయట నేను, చేతిలో కెమెరా, చుట్టూ అద్భుతమైన వెలుగు. ఆ రోజు ఫొటోలు బాగానే వచ్చాయి, ఎటూ పోయే వీల్లేక.

"దాటిపోతే ఆ దృశ్యం ఉంటుందా?" అంటారా. చాలాసార్లు ఉంటుంది. కొన్నిసార్లు ఉండదు. 1941 నవంబరు 1 సాయంత్రం ఆన్సెల్ ఆడమ్స్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ అక్కడి న్యూ మెక్సికో రాష్ట్రంలో కారులో తిరిగొస్తున్నాడు. ఆ పూట తీయాలనుకున్నదేదీ కుదరలేదు. రోడ్డు పక్కన హెర్నాండెజ్ అనే చిన్న ఊరు, అక్కడి శ్మశానంలో తెల్లటి శిలువల మీద చివరి ఎండ, పైన చంద్రుడు. కారు పక్కకు లాగి, 8×10 అంగుళాల ఫిల్ము వాడే పెద్ద కెమెరా నిలబెట్టాడు. వెలుగును కొలిచే లైట్ మీటరు దొరకలేదు. చంద్రుడి వెలుగు ఎంతో ఆ అంకె తలలో ఉండబట్టి దాంతో ఎక్స్‌పోజరు (ఫిల్ము మీద ఎంత వెలుగు పడాలో) లెక్కకట్టి ఒకటి తీశాడు. రెండోదానికి ఫిల్ము ఉంచే చట్రాన్ని తిప్పేలోపే శిలువల మీద ఎండ పోయింది. ఆయన ఒంటరిగా లేడు లెండి, కొడుకూ ఒక స్నేహితుడూ వెంట ఉన్నారు. అది తెండి, ఇది తెండి అని అరవడానికి మనుషులున్నారు. మనకు ఆ వసతి లేదు.

దీన్నుంచి నేను తీసుకున్నది ఒక్కటే, కెమెరా ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. నాది ముందు సీటు కింద, బ్యాగులో, జిప్పు తెరిచి ఉంటుంది. ఎపర్చర్ ప్రయారిటీ (లెన్సు రంధ్రం ఎంత తెరవాలో మనం చెబితే షట్టరు వేగం కెమెరాయే చూసుకునే పద్ధతి), ఆ రంధ్రం ఎఫ్/8, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) ఆటో, షట్టరు సెకనులో 1/250వ వంతు కన్నా నెమ్మది కాకుండా, రా ఫైలు (కెమెరా మెరుగులు దిద్దని ముడి ఫైలు). ప్రతిసారీ పని ముగిశాక ఇదే సెట్టింగుకు తెచ్చి లోపల పెడతాను. లేకపోతే నిన్న రాత్రి నక్షత్రాలకు పెట్టిన ఐఎస్ఓ 6400తో ఈ పొద్దున కొంగల్ని తీసుకొస్తారు. చేశాను కాబట్టి చెబుతున్నాను.

అలా పరుగెత్తాల్సిన సందర్భాలు పదింటిలో ఒకటి. మిగతా తొమ్మిదిసార్లు కారు దిగాక అయిదు నిమిషాలు కెమెరా తీయకండి. మెడలో ఉండనివ్వండి, నడవండి. మిమ్మల్ని ఆపింది ఏమిటో తేలనివ్వండి: చెట్టా, చెట్టు నీడా, ఆ నీడలో నిలబడ్డ గేదా? మొదట తీసే ఫొటోలో అన్నీ ఉంటాయి. అందుకే అందులో ఏదీ ఉండదు. మోకాళ్ల మీద కూర్చుని చూడండి, గట్టెక్కి చూడండి, వెనక్కి తిరిగి కూడా చూడండి.

వెలుగు బాగాలేని మధ్యాహ్నం ఏం చేయాలి? నిద్రపోండి. నిజంగానే. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య ఒంట్లో సహజంగానే మగత కమ్ముతుంది, తెల్లవారుజామున లేచి ఉంటే ఇంకా ఎక్కువ. నలుగురికీ కనపడే చోట, నీడలో కారు ఆపి, ఇరవై నిమిషాలు కునుకు తీయండి. కాఫీ తాగే అలవాటుంటే తాగి పడుకోండి, అది పని చేయడానికి పట్టేదీ దాదాపు అంతసేపే, లేచేసరికి రెండూ కలిసొస్తాయి. ఇంజను, ఏసీ వేసి అద్దాలన్నీ బిగించి నిద్రపోవద్దు. పడుకోవడం ఇష్టం లేకపోతే నీడ ఉన్న చోట్లకు వెళ్లండి: చెట్ల కింద, వసారాల్లో, గోడల పక్కన. ఎండ నేరుగా పడని చోట మనుషుల ముఖాలు నడి మధ్యాహ్నం కూడా బాగుంటాయి. పోలరైజర్ అనే ఫిల్టరు లెన్సు ముందు ఉంటే ఆకుల మీద, నీళ్ల మీద మెరుపు తగ్గి రంగు బయటపడుతుంది. ఆకాశం మీద దాని ప్రభావం సూర్యుడికి 90 డిగ్రీల దిశలో ఎక్కువ. ఎక్కువ వెడల్పును పట్టే వైడ్ లెన్సుతో వాడితే ఆకాశం ఒక పక్క ముదురుగా, ఒక పక్క పాలిపోయి అతుకులేసినట్టు వస్తుంది, జాగ్రత్త.

పొగమంచు కావాలంటే మాత్రం కొంచెం జోస్యం చెప్పుకోవచ్చు. ముందురోజు వాన పడి, రాత్రి ఆకాశం తేటబడి, గాలి లేకపోతే, తెల్లారేసరికి పల్లపు నేలల్లో, నీళ్ల పక్కన మంచు దిగే అవకాశం ఎక్కువ. కెమెరా మీటరు ఆ తెలుపును బూడిద రంగుకు లాగేస్తుంది కాబట్టి ఎక్స్‌పోజరును ఒక స్టాపు (అంటే రెట్టింపు వెలుగు) దాకా పెంచుకోండి. ఇంకొకటి, ఏసీ కారులో చల్లబడ్డ లెన్సును తేమ గాలిలోకి తీయగానే మసక కమ్ముకుంటుంది. తుడిచిన కొద్దీ మళ్లీ పడుతుంది. ఆగడానికి ఇరవై నిమిషాల ముందే ఏసీ కట్టేసి అద్దాలు దించితే ఈ బాధ ఉండదు.

సామాను గురించి ఎక్కువ చెప్పను. ఒక మామూలు జూమ్ లెన్సు, దూరాన్ని దగ్గరగా చూపే టెలి లెన్సు ఒకటి. పల్లెకు వైడ్ లెన్సే కావాలనుకుంటారు, నా అనుభవం తిరగేసి ఉంది. పొలాల మధ్య ఒంటరి చెట్టునో, ఒకదాని వెనక ఒకటి పొరలుగా కనపడే కొండలనో, కరెంటు తీగలను తప్పించి, దగ్గరకు లాగి చూపేది 70-200 మి.మీ. లాంటి టెలి లెన్సే. ట్రైపాడ్ పొద్దుగూకాక తప్పదు. రెండు అదనపు బ్యాటరీలు తీసుకోండి, మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం లేకుండా తెర మీదే బొమ్మ చూపేది) అయితే మూడు. చలి ఉంటే బ్యాటరీలను చొక్కా లోపలి జేబులో పెట్టుకోండి. ఫోను ఒక్కటే ఉన్నా వెళ్లండి, కెమెరా కొనేదాకా ఆగకండి.

ట్రైపాడ్ అంటే గుర్తొచ్చింది. ఒకసారి పొలం గట్టు మీద దాన్ని నిలబెట్టి మబ్బుల కోసం చూస్తుంటే ఓ పెద్దాయన గబగబా వచ్చాడు. "ఎవరు నాయనా, కొలతలకొచ్చారా?" అని ముఖం చిట్లించి అడిగాడు. సర్వే వాళ్లనుకున్నాడు. నేను కెమెరా తెర మీద ఆయన పొలాన్నే చూపించాను. కాసేపు చూసి, "ఇక్కణ్నుంచి ఏం కనపడుద్ది, అటు పక్క దిబ్బ ఎక్కు" అన్నాడు. ఎక్కాను. ఇంట్లో ఉన్న ఏడింటిలో అదొకటి.

అప్పట్నుంచి ఎవరైనా కనపడితే ముందు నేనే వెళ్లి పలకరిస్తాను, ఆ తర్వాతే ట్రైపాడ్ విప్పుతాను. కొత్త మనిషి, కొత్త కారు, చేతిలో పెద్ద కెమెరా, వాళ్లకు అనుమానం రావడంలో తప్పేముంది? ఎవరి నేలలోకైనా అడిగి వెళ్లండి. పైరు తొక్కకండి. గేటు మూసి ఉంటే మూసే వెళ్లండి, తెరిచి ఉంటే తెరిచే ఉంచండి. మనుషుల ఫొటో అడిగి తీయండి, పిల్లలదైతే పెద్దవాళ్లను అడిగి. వద్దంటే దణ్ణం పెట్టి వచ్చేయండి, దూరం నుంచి టెలితో దొంగచాటుగా తీయకండి. ఫొటో పంపిస్తానని మాటిస్తే పంపండి. ఆ తర్వాత అదే ఊరికి మీరు మళ్లీ వెళ్లొచ్చు.

క్షేమం సంగతి. ఒంటరిగా వెళ్లడం ప్రమాదమని నేననను, కానీ మీరు ఎక్కడున్నారో ఎవరికీ తెలియకపోవడం ప్రమాదమే. బయల్దేరేటప్పుడు ఒకరికి చెప్పండి: ఫలానా వైపు వెళ్తున్నాను, రాత్రి ఇన్నింటికల్లా ఫోను చేస్తాను, చేయకపోతే వెతుకు. దిశ మారినప్పుడల్లా ఒక మెసేజీ పెట్టండి, సిగ్నలు పోకముందే. మ్యాప్ ముందే ఫోనులోకి దించుకోండి. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి నేరుగా సంకేతం అందుకుంటుంది కాబట్టి నెట్‌వర్కు లేకపోయినా మీరెక్కడున్నారో చుక్క కనపడుతుంది, దాని కింద మ్యాప్ ఉంటేనే ఆ చుక్కకు అర్థం. ట్యాంకు సగానికి వస్తే నింపండి. అదనపు టైరులో గాలి ఉందో లేదో ఇంటి దగ్గరే చూడండి, జాకీ ఎలా వేయాలో కూడా ఇంటి దగ్గరే ఒకసారి నేర్చుకోండి. నీళ్లు, టార్చి, పవర్ బ్యాంకు ఎలాగూ ఉంటాయి.

మట్టి బాటల మీద నాకో మొండి నియమం ఉంది: నడిచి చూడని బాటలోకి కారు దించను. వాన వెలిసిన మర్నాడు చెరువు గట్టు కింద బాట పైకి గట్టిగానే కనపడి, కారు దించగానే ముందు చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. ఒక్కణ్నే. నెట్టేవాళ్లు లేరు, ఫోనులో సిగ్నలు లేదు. రెండు కిలోమీటర్లు నడిచి మనుషుల్ని తీసుకొచ్చేసరికి మూడు గంటలు పట్టింది. దిగి ఓ వంద అడుగులు నడిచుంటే చెప్పు దిగబడి నాకు తెలిసిపోయేది. అలాగే మనసుకు ఎందుకో నచ్చని చోటుంటే కారణం వెతుక్కోకండి, వచ్చేయండి. ఒంటరిగా వెళ్లడంలో ఉన్న సుఖమే అది, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

వట్టి చేతులతో తిరిగొస్తానేమో అన్నారు. వస్తారు, కొన్నిసార్లు. రాబర్ట్ ఫ్రాంక్ అనే ఫొటోగ్రాఫర్ 1955, 56లలో పాత కారులో అమెరికా అంతా తిరిగి 25 వేలకు మించి ఫొటోలు తీస్తే, పుస్తకానికి ఎంచుకున్నవి 83. నాకు రోజుకు ఒక్కటి దొరికితే పండగ, నెలకు ఒకటైనా ఫిర్యాదు లేదు. ఇంటికి రాగానే రెండు చోట్లకు కాపీ చేసుకోండి, ఆ తర్వాతే కార్డు చెరపండి. ఎంపిక మాత్రం ఆ రాత్రే చేయకండి. అలసట, ఆనందం రెండూ ఉంటాయి, ఎంతో కష్టపడి తీసినవన్నీ బాగున్నట్టే అనిపిస్తాయి. వారం ఆగి చూస్తే కష్టం మరిచిపోతారు, ఫొటో ఒక్కటే మిగులుతుంది.

చివరిది, కారా బైకా. బైకు ఎక్కడపడితే అక్కడ ఆగుతుంది, సన్న బాటల్లో దూరుతుంది, మనుషులు కూడా బైకు మీద వచ్చినవాణ్ని తొందరగా దగ్గరికి రానిస్తారు. కానీ వాన వస్తే కెమెరా దాచుకోవడానికి చోటుండదు, కునుకు తీయలేరు, సామాను వదిలి నడిచి వెళ్లలేరు. కొత్తలో ఒంటరిగా వెళ్లేవాళ్లకు నేను కారే చెబుతాను. బైకే తీసుకుంటే ఫోనును హ్యాండిల్‌కు బిగించి దారి చూసుకోకండి. పెద్ద ఇంజన్ల అదురుకు ఫోను కెమెరాలో బొమ్మ కదలకుండా చూసే భాగం దెబ్బతినొచ్చని 2021లో ఆపిల్ సంస్థే హెచ్చరించింది. జేబులో పెట్టుకుని, చెవిలో దారి వింటూ వెళ్లండి, అదీ ఒక్క చెవిలోనే.